శివారు గుడ్డు

గంటలపూడి కాలువల నిర్వహణ కార్యాలయంలో పదిన్నరకి కుర్చీలు ఖాళీగా ఉండడం కొత్త సంగతేమీ కాదు. ఆ కుర్చీలకీ అలవాటే, వాటి మీద పరిచిన తువ్వాళ్ళకీ అలవాటే. అలవాటు లేనిది ఒక్క కొత్త డైరెక్టరు పరాంకుశం గారికే. ఆయన ఎక్కడో చల్లని ఊళ్ళో మూడు రోజులు సమయపాలన మీద శిక్షణ పొంది, నాలుగో రోజు తిన్నగా ఆఫీసుకొచ్చి, గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆలస్యంగా వచ్చిన ప్రతి ఉద్యోగినీ కారణం అడిగి, జవాబు తన చేత్తోనే రాసుకున్నారు.

మొత్తం నలభై ఆరు మందిలో ముప్ఫై ఒక్కరు టిఫిను దగ్గర ఆలస్యమైందన్నారు. అందులో పద్నాలుగు పెసరట్లు, తొమ్మిది ఇడ్లీలు, ఏడు ఉప్మాలు. ఒకాయన మాత్రం దిబ్బరొట్టె అని, అది సన్నసెగ మీద కాలాలి గనక తన చేతుల్లో ఏమీ లేదని విన్నవించుకున్నాడు.

డైరెక్టరు గారికి దారి కనిపించింది. ఈ శాఖని వెనక్కి లాగుతున్నది సోమరితనం కాదు, రుబ్బిన పిండి అని తేల్చేశారు. శిక్షణ జరిగిన చోట తాను పొద్దున్నే ఎగ్ కుక్కర్లో ఉడికిన గుడ్డు తిని, తొమ్మిదింటికల్లా తయారై కూర్చున్న సంగతి ఆయనకు గుర్తుంది. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది.

"ఉద్యోగుల ప్రాతఃకాల పోషణను త్వరితగతిన ముగించి, తద్వారా హాజరును సకాలీకరించు నిమిత్తము, ప్రతి ఉద్యోగికి ఒక విద్యుత్ అండపాచక యంత్రమును జారీ చేయడమైనది. సదరు యంత్రమును ఉద్యోగి తన స్వగృహమందు, అన్ని పనిదినములలో, ఉదయం ఏడున్నర గంటలకు తప్పనిసరిగా వినియోగించవలెను. నీరు పోసిన కొలగిన్నె ఫొటో ఒకటి, ఉడికిన గుడ్డును రెండుగా కోసిన ఫొటో ఒకటి, ఆఫీసు గ్రూపులో పెట్టవలెను."

అండపాచక యంత్రమంటే మరేం కాదు, మనందరికీ తెలిసిన కరెంటు ఎగ్ కుక్కరే. అడుగున చిన్న పళ్ళెం, దాని మీద గుంటల తట్ట, పైన కన్నమున్న మూత. దాంతోపాటు వచ్చే గీతలున్న కొలగిన్నెతో పళ్ళెంలో నీళ్ళు పోసి, గుడ్లు పెట్టి, మూతేసి, మీట నొక్కితే సరి. నీళ్ళన్నీ ఆవిరైపోగానే బజరు మోగుతుంది. వంట రానివాళ్ళు కూడా దాన్ని చెడగొట్టలేరని తయారుచేసినవాళ్ళు అనుకుని ఉంటారు. వాళ్ళకి గంటలపూడి ఆఫీసు సంగతి తెలియదు.

పథకం అమలు బాధ్యత సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారికి అప్పజెప్పారు. ఆయన జన్మలో గుడ్డు ముట్టలేదు. అందుచేత ఈ విషయంలో నిష్పక్షపాతంగా ఉంటారని డైరెక్టరు గారి నమ్మకం. దక్షిణామూర్తి గారు యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, మూడో పేజీలో ఆగిపోయారు. అక్కడ ఒక్క గుడ్డుకైతే కొలగిన్నె పై గీత దాకా నీళ్ళు పొయ్యమనీ, ఆరు గుడ్లకైతే కింది గీత దాకా చాలనీ ఉంది.

ముప్ఫై మూడేళ్ళుగా కాలువ నీళ్ళు పంచిన మనిషి ఆయన. పది ఎకరాలకు ఇంత, వంద ఎకరాలకు దానికి పదింతలు. ఎకరాలు పెరిగితే నీళ్ళు తగ్గించమని ఏ ఇంజనీరూ చెప్పగా ఆయన వినలేదు. ఇది అచ్చుతప్పని ఆయనకు నిమిషంలో అర్థమైపోయింది. వెంటనే గుడ్లను ఆయకట్టు కింద లెక్కగట్టి, గుడ్డుకు పదిహేను మిల్లీలీటర్ల చొప్పున పట్టిక వేశారు. ఒక గుడ్డుకు పదిహేను, ఆరు గుడ్లకు తొంభై. తట్టలో చివరి గుంటలో కూర్చునే గుడ్డుకి శివారు గుడ్డు అని పేరు పెట్టి, శివారుకు నీరు సక్రమంగా అందేదీ లేనిదీ ఉద్యోగి స్వయంగా గమనించాలని కింద ఒక వాక్యం కూడా చేర్చారు. నలభై ఆరు కొలగిన్నెల మీదా పాత గీతలు కనబడకుండా కొత్త కాగితాలు అంటించారు.

జూనియర్ అసిస్టెంటు గుత్తుల వీరవేణికి ఈ పథకంతో అసలు సంబంధం ఉండకూడదు. ఆవిడ ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు. ఆఫీసు వెనక వీధిలోనే అద్దెకి ఒక గది తీసుకుని ఒంటరిగా ఉంటోంది. భర్త రాంపండు కొండమట్లంలో బళ్ళో మాస్టారు. ఆరేళ్ళ కూతురు లాస్య నాన్న దగ్గరే ఉండి, అదే బళ్ళో చదువుకుంటోంది. కొండమట్లం అంటే కాలువ ఆఖరి తూము దాటాక వచ్చే ఊరు, ఈ ఆఫీసుకున్న శాఖలన్నిటిలోకీ శివారు. బస్సులో నాలుగున్నర గంటల ప్రయాణం. శనివారం సాయంత్రం బస్సెక్కడం, ఆదివారం సాయంత్రం దిగులుగా తిరిగి బస్సెక్కడం. మూడేళ్ళుగా ఇదే ఆవిడ బతుకు.

అక్కడి ఖాళీలోకి బదిలీ చెయ్యమని ఆవిడ పెట్టుకున్న అర్జీకి కూడా మూడేళ్ళు నిండాయి. తమాషా ఏంటంటే, ఆఫీసులో బదిలీల సీటు ఆవిడదే. ఈ మూడేళ్ళలో పంతొమ్మిది మందికి బదిలీ ఉత్తర్వులు తన చేత్తోనే టైపు చేసి ఇచ్చింది. తన ఫైలు మాత్రం తాను చూడకూడదు గనక అది దక్షిణామూర్తి గారి బల్ల మీద ఉండేది. మొత్తానికి ఈ నెలలో అది డైరెక్టరు గారి సంతకం దాకా వచ్చింది. ఉద్యోగి మీద మెమోలేవీ పెండింగులో లేవని ఒక సర్టిఫికెట్టు జతపరిస్తే చాలు.

సరిగ్గా అప్పుడే ఎగ్ కుక్కరు వచ్చిపడింది. అయితే నిజం చెప్పాలి, వీరవేణికి అది తెగ నచ్చేసింది. ఒక్క మనిషికి పొయ్యి వెలిగించడం బద్ధకమేసి, ఇన్నాళ్ళూ పొద్దున్న రెండు బిస్కట్లతో సరిపెట్టేది. ఇప్పుడు ఏడున్నరకి లాస్య వీడియో కాల్ చేసే వేళకి గుడ్డు పెట్టి మీట నొక్కేది. ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. బజరుకి లాస్య కోడి అని పేరు పెట్టింది.

"అమ్మా, కోడి కూసిందా?"

"ఇంకా లేదే. నువ్వు జడలేయించుకో, ఈలోపు కూస్తది."

వీరవేణి అంటించిన కాగితాన్ని గోటితో గీకేసి, అసలు గీత చూసుకుని నీళ్ళు పోసుకునేది. పుస్తకం చదివిన రెండో మనిషి ఆవిడే. పన్నెండు నిమిషాలకు కోడి కూసేది, గుడ్డు చక్కగా ఉడికేది. ఉన్నదున్నట్టుగా రెండు ఫొటోలూ గ్రూపులో పెట్టేది. అక్కడే ఆవిడ కొంప మునిగింది.

ఎందుకంటే మిగతా నలభై ఐదు మందిలో ఒక్కరు కూడా ఆ యంత్రాన్ని వాడడం లేదు. కొలగిన్నెలో పదిహేను మిల్లీలీటర్లు పోసి ఫొటో తీసి, ఆ నీళ్ళు తులసికోటలో పోసేసేవారు. గిన్నెలో ఉడకబెట్టిన గుడ్డు ఎవరింటిదో ఒకటి కోసి ఫొటో తీసుకునేవారు. ఒకాయన పదకొండు రోజులు ఒకే గుడ్డు ఫొటో పెట్టాడు. క్రమశిక్షణలో ఏకరూపత సాధించినందుకు డైరెక్టరు గారు ఆయన్ని గ్రూపులో అభినందించారు. ఆ తరవాత అందరూ తీరిగ్గా పెసరట్టు తిని, ఇంతకు ముందుకంటే ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఆఫీసుకొచ్చేవారు. డైరెక్టరు గారు గుమ్మం దగ్గర కూర్చోవడం మానేశారు. ఆయనకు ఫొటోలు చూడడంతోనే సరిపోయేది.

వీరవేణికి మెమో వచ్చింది. ఒక్క గుడ్డుకు అనుమతించిన పదిహేను మిల్లీలీటర్లకు బదులు అధిక నీటిని అక్రమంగా వాడుకున్నందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపాలి. ఆవిడ మెమో పట్టుకుని దక్షిణామూర్తి గారి బల్ల ముందు నిలబడింది.

"అది కాదండి. గుడ్లు ఎక్కువైతే నీళ్ళు తక్కువే చాలండి. పుస్తకంలో ఉన్నదే రైటండి."

"పుస్తకంలో అచ్చుతప్పు పడింది. నేనే దిద్దాను."

"తప్పు కాదండి. నీళ్ళు మరిగి ఆవిరవుతాయి కదండి. ఆ ఆవిరి చల్లటి గుడ్డుకి తగిలి, మళ్ళీ నీళ్ళై పళ్ళెంలోకి జారుతుందండి. గుడ్లు ఎక్కువుంటే ఎక్కువ జారుతుంది, ఆ నీళ్ళే మళ్ళీ మరుగుతాయి. ఒక్క గుడ్డే ఉంటే ఆవిరంతా పైకన్నంలోంచి పోతుందండి. అందుకని దానికే ఎక్కువ పొయ్యాలండి."

దక్షిణామూర్తి గారు కలానికి మూత పెట్టారు. "అంటే ఒకసారి పారించిన నీళ్ళనే మళ్ళీ పారిస్తున్నావన్నమాట. మురుగు కాలవలో దిగిన నీళ్ళు ఎత్తిపోసుకుని, ఆయకట్టు లెక్కలో చూపించకూడదని రూలుందా లేదా?"

"ఉందండి. కానీ గుడ్లు పొలం కాదు కదండి."

"ఆ ముక్క రాతపూర్వకంగా ఇవ్వగలవా?"

ఇచ్చింది. అక్కడ కాస్త నోరు మూసుకుని ఉంటే మరోలా ఉండేదేమో, కానీ ఒళ్ళు మండిపోయి ఇచ్చేసింది. "గుడ్లు పొలం కావని సవినయంగా మనవి" అన్న ఆ ఒక్క వాక్యం మీద ముగ్గురు కాలువ ఇంజనీర్లతో సంఘం వేశారు. వాళ్ళు రెండు వారాలు శ్రమించి పదిహేడు పేజీల నివేదిక ఇచ్చారు. గుడ్డు పొలమని చెప్పడానికి ఆధారాలు లభించలేదనీ, కాదని చెప్పడానికి కూడా లభించలేదనీ, తుది నిర్ణయం వచ్చేవరకు దాన్ని మెట్ట భూమిగా పరిగణించవచ్చనీ అందులో రాశారు. మెట్ట భూమికి నీటి కోటా ఇంకా తక్కువ. ఈలోగా మెమో పెండింగులోనే ఉంది, సర్టిఫికెట్టు ఆగిపోయింది, బదిలీ ఫైలు మళ్ళీ దక్షిణామూర్తి గారి బల్ల మీదికి దిగింది.

ఆ రాత్రి వీరవేణి అన్నం తినలేదు. మర్నాడు సర్క్యులర్ ప్రకారమే పదిహేను మిల్లీలీటర్లు పోసింది.

"అమ్మా, కోడి అప్పుడే కూసేసిందేంటి?" అంది లాస్య ఫోన్లో. దానికి ఇంకా ఒక జడ కూడా పూర్తవలేదు.

గుడ్డు పచ్చిగానే ఉంది. కోద్దామని కత్తి పెడితే సొన బల్లంతా కారింది. ఆ ఫొటోనే పెట్టింది. ప్రభుత్వ కార్యక్రమంలోని గుడ్డును నిర్లక్ష్యంగా పగలగొట్టినందుకు రెండో మెమో వచ్చింది. నీళ్ళు ఎక్కువ పోస్తే ఒక మెమో, తక్కువ పోస్తే ఇంకో మెమో.

ఆఫీసులో అటెండరు నూకరాజు పెద్దవాడు, రేపో మాపో రిటైరవుతాడు. ఆవిడ మొహం చూసి టీ గ్లాసు బల్ల మీద పెట్టి, పక్కన నిలబడ్డాడు.

"ఏంటమ్మా మీరు మరీను. కాసిని నీళ్ళతో ఫొటో తీసేసి, ఆనక మిగతావి పోసుకోవచ్చు కదా. ఫొటో కోసమే కదమ్మా అందరూ పోసేది."

"తెలుసు నూకరాజు గారూ. మా అమ్మాయి ఫోన్లో చూస్తా ఉంటదండి. ఫొటోకి ఒకలాగ, నిజానికి ఒకలాగ పోస్తే ఎందుకని అడుగుతది. ఏం చెప్పమంటారు?"

నూకరాజు గ్లాసు ఆవిడ ముందుకి జరిపాడు. "టీ చల్లారిపోతందమ్మా" అని వెళ్ళిపోయాడు.

నెలాఖరున పథకం మీద సమీక్ష పెట్టారు. డైరెక్టరు గారు సిబ్బంది అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, శాఖ సాధించిన ప్రగతిని కళ్ళారా చూపిస్తామన్నారు. మధ్యలో పెద్ద బల్ల, బల్ల మీద అండపాచక యంత్రం. పక్కనే ఆ రోజు తేల్చెయ్యాల్సిన ఫైలు ఒకటుంది. అందులో వీరవేణి బదిలీ అర్జీ, రెండు మెమోలు, ఇంజనీర్ల నివేదిక అన్నీ కలిపి కుట్టేశారు. యంత్రాన్ని నడిపే పని కూడా ఆవిడకే ఇచ్చారు, దారితప్పిన ఉద్యోగి దారికొచ్చిందని అందరూ చూస్తారని.

"నేను ఒక్క గుడ్డే తీసుకుంటాను" అన్నారు పరాంకుశం గారు. "ఆరోగ్యరీత్యా."

"ఒక గుడ్డు, పదిహేను మిల్లీలీటర్లు" అని దక్షిణామూర్తి గారు పట్టిక చూసి గట్టిగా చదివారు.

వీరవేణి పోసింది. రెండు నిమిషాలు కాకుండానే బజరు మోగింది. డైరెక్టరు గారు గడియారం చూసుకుని చాలా సంతోషించారు.

"గమనించారా. కంపెనీవాళ్ళ పుస్తకంలో పన్నెండు నిమిషాలని రాసుకున్నారు. ప్రభుత్వ పర్యవేక్షణలో అదే ఉత్పాదన రెండు నిమిషాల్లో సాధ్యపడింది. దీన్నే మేము శిక్షణలో కాలసంకోచం అన్నాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గుడ్డు చేతిలోకి తీసుకున్నారు.

"అది పచ్చిగా ఉందండి" అంది వీరవేణి.

"పచ్చిగా ఉంటే బజరు ఎందుకు మోగుతుంది?" అని డైరెక్టరు గారు ఆ గుడ్డుని దగ్గర్లో ఉన్న గట్టి వస్తువుకేసి టప్పున కొట్టారు. ఆ గట్టి వస్తువు ఫైలు అట్ట. తెల్లసొన, పచ్చసొన కలిసి ఫైలు మీద పడి, అంచుల్లోంచి లోపలి పేజీల్లోకి నింపాదిగా దిగిపోయాయి. కొంత డైరెక్టరు గారి చొక్కా చేతికి కూడా చేరింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

తప్పెవరిదో తేలాలి. సర్క్యులర్ తప్పు చెయ్యడానికి వీల్లేదు, పట్టిక అంతకంటే చెయ్యడానికి వీల్లేదు. గుడ్డు కొట్టిన చెయ్యి డైరెక్టరు గారిది, అదీ సహజంగానే తప్పు చెయ్యదు. ఇక మిగిలింది మీట నొక్కిన మనిషి.

"ఇది కావాలని చేసిన పని" అన్నారు పరాంకుశం గారు, రుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ. "ఈవిడ ఈ ఆఫీసులో ఒక్క పూట కూడా ఉండడానికి వీల్లేదు. మన శాఖల్లో అన్నిటికంటే శివారు ఏది?"

"కొండమట్లం అండి" అన్నారు దక్షిణామూర్తి గారు, తెలిసిన జవాబు కాబట్టి తడుముకోకుండా.

"అక్కడికి వెయ్యండి. పరిపాలనా కారణాలపై. ఈ రోజే."

వీరవేణి తల వంచుకుని కాళ్ళకేసి చూస్తూ నిలబడింది. పైకెత్తితే మొహంలో సంతోషం కనబడిపోతుందని భయం.

దక్షిణామూర్తి గారికి తాను చెప్పిన జవాబు సంగతి అప్పుడు తట్టింది. "సార్, ఒక్క మనవి. ఈవిడ ఆ ఊరే కోరుకున్నట్టు..."

"కోరుకోవడమేంటి? శిక్షను ఎవరైనా కోరుకుంటారా? రాతపూర్వకంగా ఉందా?"

"ఉందండి. ఈ ఫైల్లోనే అర్జీ ఉందండి."

"చూపించండి."

దక్షిణామూర్తి గారు ఫైలు తెరవబోయారు. ఫ్యాను గాలికి సొన అప్పటికే పట్టేసింది. అట్టకి మొదటి పేజీ, మొదటి పేజీకి రెండోది అంటుకుపోయి ఫైలంతా ఒకే ముద్దై ఉంది. నూకరాజు కత్తి తెచ్చాడు. ఆయన కత్తిని ఎంతో మర్యాదగా, ఎక్కడా కాగితం తెగకుండా, అసలు పేజీల మధ్య దూరకుండానే ఐదు నిమిషాలు తిప్పి, పెదవి విరిచాడు.

"రావట్లేదండి బాబూ. లాగితే ప్రభుత్వ కాగితం చిరుగుద్ది. చింపమంటే చింపుతాను, సంతకం పెట్టి ఇవ్వండి."

ఆ సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. దక్షిణామూర్తి గారు ఇంకోసారి నోరు తెరిచారు.

"ఫైల్లో చూపించలేని మాట ఈ ఆఫీసులో మాట కాదు" అన్నారు డైరెక్టరు గారు. ముప్ఫై మూడేళ్ళుగా అందరికీ దక్షిణామూర్తి గారు చెప్పే మాటే అది.

శిక్ష మీద వెళ్ళేవాళ్ళకి మెమోలు పెండింగులో ఉన్నా లేకపోయినా ఒకటే, సర్టిఫికెట్టు అక్కర్లేదు. అర్జీ మీద మూడేళ్ళలో కదలని బదిలీ, శిక్ష కింద ముప్పావు గంటలో తయారైంది. బదిలీల సీటు తనదే గనక ఉత్తర్వు వీరవేణే టైపు చేసింది. తన జీవితంలో అంత శ్రద్ధగా, ఒక్క తప్పు లేకుండా ఇంకే కాగితమూ చెయ్యలేదు. సాయంత్రం బస్సుకి ఎగ్ కుక్కరుతో సహా సాగనంపారు, అది ఉద్యోగితోపాటే ఉండాలని సర్క్యులర్లో ఉంది. బస్టాండు దాకా పెట్టె మోసుకొచ్చిన నూకరాజు, కిటికీలోంచి నాలుగు అరటిపళ్ళు అందించాడు.

గంటలపూడిలో పథకం ఆగలేదు. సమీక్ష అనుభవాల దృష్ట్యా, గుడ్డుకూ ఫైలుకూ మధ్య కనీసం పదడుగుల దూరం పాటించాలని సవరణ వచ్చింది. నీటి పట్టికలో మార్పేమీ లేదు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి కొండమట్లంలో, వంటింటి గట్టు మీద, వీరవేణి మూడు గుడ్లు తట్టలో పెట్టింది. రాంపండు లాస్యకి జడ వేస్తున్నాడు. లాస్య జడతో సహా మెడ సాగదీసి కొలగిన్నెలోకి తొంగిచూసింది.

"అమ్మా, అక్కడ నువ్వొక్కదానివే ఉన్నప్పుడు ఈ పైగీత దాకా పోసేదానివి. ఫోన్లో చూశాను."

"అవును."

"ఇప్పుడు మూడు గుడ్లు కదా. ఇంకా ఎక్కువ పొయ్యాలి. మరి తక్కువ పోశావేంటి?"

వీరవేణి మూత పెట్టి మీట నొక్కింది. "ఒక్కటే ఉంటే ఎక్కువ కావాలే. పక్కన ఇంకో రెండుంటే ఇంత చాలు."

లాస్య తట్టలోని మూడు గుడ్లకేసీ, వంటింట్లో ఉన్న ముగ్గురికేసీ చూసి సరేనంది. ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగలేదు.